పరిహారం పెంచాక సర్కారు ఆలస్యంగా అప్పీలుకు వెళ్తే?

భూమి పోయి ఏళ్లయింది. కోర్టు పరిహారం పెంచింది. ఇక డబ్బులు వస్తాయని ఎదురుచూస్తుంటే హైకోర్టు నుంచి నోటీసు వస్తుంది. ప్రభుత్వం అప్పీలు వేసిందని, గడువు దాటిపోయింది కాబట్టి ఆ ఆలస్యాన్ని మన్నించమని కూడా అడుగుతోందని అందులో ఉంటుంది. భూసేకరణ కేసుల్లో ఇది కొత్తేమీ కాదు.

గడువు ఎంత? పాత 1894 చట్టం కింద తీసుకున్న భూములైతే, సివిల్ కోర్టు తీర్పుపై హైకోర్టుకు వెళ్లడానికి 90 రోజులు. 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన 2013 చట్టంలో సెక్షన్ 74 ప్రకారం 60 రోజులే, తగిన కారణం చూపిస్తే ఇంకో 60.

ఈలోగా ఫైలు తిరుగుతూ ఉంటుంది. ప్రభుత్వ ప్లీడర్ అభిప్రాయం, భూసేకరణ అధికారి, కలెక్టరేట్, ఏ శాఖ కోసం భూమి తీసుకున్నారో ఆ శాఖ, ఆపై అనుమతి. లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద వేసే పిటిషన్‌లో చెప్పే కారణం కూడా దాదాపు ఇదే.

కోర్టులు అన్నిసార్లూ ఒకేలా చూడలేదు. 1987లో అనంతనాగ్ భూసేకరణ కలెక్టర్ కేసులో ఆలస్యం 4 రోజులే. సుప్రీంకోర్టు మన్నించింది, ఇలాంటి వాటిని ఉదారంగా చూడాలంది. అప్పటి నుంచి ప్రభుత్వ లాయర్లు ఈ తీర్పునే చూపిస్తుంటారు. 2012లో తపాలా శాఖ 427 రోజులు ఆలస్యంగా వచ్చినప్పుడు మాత్రం, ఫైళ్లు కదలలేదంటే కుదరదని, ప్రభుత్వానికి వేరే గడువు లేదని అదే కోర్టు తేల్చి చెప్పింది. మళ్లీ 2023లో భూపరిహారం కేసులోనే కేంద్రం చేసిన 479 రోజుల ఆలస్యానికి హైకోర్టు ఇచ్చిన మన్నింపును సుప్రీంకోర్టు కదపలేదు.

భూమి ఇచ్చినవాళ్లు ఆలస్యం చేస్తే? తెలుగుగంగ ప్రాజెక్టు భూముల కేసులో వారసులు 5,659 రోజుల తర్వాత అప్పీలుకు వెళ్లారు. 2024లో సుప్రీంకోర్టు కుదరదంది. అంటే పదిహేనేళ్లకు పైనే. అంత ఆలస్యాన్ని సమర్థించడం కష్టమే. కానీ ఆఫీసులకు దొరికే సర్దుబాటు సామాన్యుడికి అంత తేలిగ్గా దొరకదన్నది కక్షిదారులందరికీ తెలిసిన మాటే.

వడ్డీ లెక్క చూస్తే అసలు నష్టం తెలుస్తుంది. కోర్టు పెంచిన మొత్తంపై, భూమి స్వాధీనం చేసుకున్న మొదటి ఏడాదికి 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ ఉంటుంది. పెంపు 10 లక్షలు అనుకుంటే ఏడాదికి లక్షన్నర, అంటే రోజుకు దాదాపు 411 రూపాయలు. 479 రోజులకు లక్షా 97 వేలు. అప్పీలు ఓడిపోతే ఇదంతా ఖజానా నుంచే పోతుంది. ఆలస్యం చేసిన అధికారి జేబులోంచి కాదు. ఇక ఆ డబ్బు నమ్ముకుని పెళ్లికో చదువుకో అప్పు చేసిన ఇంట్లో ఈలోపు బయటి వడ్డీ పెరుగుతూనే ఉంటుంది.

అప్పీలు వేసినంత మాత్రాన చెల్లింపు ఆగదు. స్టే ఉండాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 3ఎ ప్రకారం, గడువు దాటిన అప్పీలును విచారించాలని కోర్టు నిర్ణయించే దాకా స్టే ఇవ్వకూడదు. ఈ రూల్ సంగతి చాలామంది అడగరు. అందుకే తీర్పు రాగానే సర్టిఫైడ్ కాపీ తీసుకుని, డబ్బు వసూలుకు ఈపీ వేయాలి. హైకోర్టులో కేవియట్ వేస్తే 90 రోజులు పనిచేస్తుంది. నోటీసు వస్తే వదిలేయకుండా కౌంటర్ వేయాలి. ఏ తేదీన ఫైలు ఎక్కడ ఆగిందో ఆర్టీఐ ద్వారా తీసుకున్న కాగితాలు అక్కడ ఉపయోగపడతాయి.