తెలిసిన వై-ఫైని ఫోను ఎలా వెతుక్కుంటుంది? – కొంత చరిత్ర, కొంత స్వానుభవం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు డి.ఏ. బకాయిల గురించో, పాత సర్వీసు ముచ్చట్ల గురించో రాద్దామనుకున్నాను. వాటి మీద నాకంటే బాగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత ఈసారి మనందరి జేబుల్లోనూ ఉండే సెల్‌ఫోను చేసే ఒక చిన్న పని గురించి, దాని పుట్టుపూర్వోత్తరాల గురించి రాస్తున్నాను. నేను ఇంజనీరును కాను. తపాలు సెక్షనులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటు కాకుండానే 2008లో రిటైరైన మనిషిని. కనుక నాకు అర్థమైన మేరకే చెబుతాను.

సంగతి ఇలా మొదలైంది. కిందటి వేసవిలో నా ఫోను మధ్యాహ్నానికే చార్జింగు అయిపోయేది. బ్యాటరీ మార్చాలన్నాడు దుకాణంలో అబ్బాయి. ఇంజనీరింగు చదువుతున్న మా మనవడు సెలవులకు వచ్చి, ఫోను తీసి చూసి, తన లాప్‌టాప్ పక్కన పెట్టుకుని ఏదో పరీక్ష చేశాడు. చివరికి, “తాతయ్యా! నీ ఫోను వెళ్లిన చోటల్లా మామయ్య ఇంటి పేరు కేకేసుకుంటూ తిరుగుతోంది” అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. వాడి మాటకు అర్థం తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.

రెండు పద్ధతులు

మనం ఒకసారి ఎక్కడైనా వై-ఫైకి కలిస్తే, ఫోను ఆ పేరును, సంకేతపదాన్ని తన జాబితాలో రాసుకుంటుంది. మళ్లీ ఆ చోటికి వెళితే మనం అడగకుండానే కలుస్తుంది. ఇదెలా సాధ్యం? గాలిలో ఏ పేరున్నదో దానికెలా తెలుస్తుంది?

మన విజయవాడ బస్టాండును తలచుకోండి. ఏలూరు వెళ్లాలంటే రెండు మార్గాలు. ఒకటి, నోరు మూసుకుని చెవులు రిక్కించడం. “ఏలూరు, ఏలూరు, ఏలూరు” అని కండక్టరు అరుస్తూనే ఉంటాడు. రెండోది, మనమే “ఏలూరు బస్సు ఎక్కడండీ?” అని గట్టిగా అడగడం. వై-ఫైలోనూ సరిగ్గా ఈ రెండు పద్ధతులే ఉన్నాయి.

ఇంట్లో గోడకు తగిలించిన వై-ఫై పెట్టె కండక్టరు లాంటిది. సాధారణంగా సెకనుకు దాదాపు 10 సార్లు తన పేరు చెబుతూ ఉంటుంది. ఫోను ఊరికే వింటే అది మొదటి పద్ధతి. అయితే పేర్లన్నీ ఒకే చోట వినిపించవు. రేడియోలో స్టేషన్లున్నట్టు వై-ఫైకి చానళ్లున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే మన దేశంలో 13 వాడుతారు. 5 గిగాహెర్ట్జ్‌లో ఇంకో రెండు డజన్ల దాకా ఉంటాయి. ఒక్కో చానలు దగ్గర కనీసం సెకనులో పదో వంతు ఆగితేగాని అక్కడి కేక చెవిన పడదు. అన్నీ తిరిగి వచ్చేసరికి మూడు నాలుగు సెకన్లవుతుంది. వినడానికి ఖర్చేమిటని మనకనిపిస్తుంది. కానీ విననంతసేపూ రేడియోను పడుకోబెట్టవచ్చు, వింటున్నంతసేపూ అది మేలుకుని ఉండాలి. ఆ మేలుకోవడమే బ్యాటరీకి ఖర్చు.

ఫోనే పిలిస్తే పని త్వరగా తెములుతుంది. ఒక్కో చానల్లో “ఎవరున్నారు?” అని పిలిచి, సెకనులో నూరో వంతులు కొన్ని ఆగి, జవాబు రాకపోతే తర్వాతి చానలుకు పోతుంది. చాలాకాలం పాటు ఇదే తెలివైన పద్ధతి అనుకున్నారు. దీనికొక మూల్యం ఉందని తర్వాత తెలిసింది.

పుట్టుక

గాలిలో కంప్యూటర్లను కలపడం 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో మొదలైంది. నార్మన్ అబ్రామ్సన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు దీవుల మధ్య రేడియో ద్వారా కంప్యూటరు సమాచారం పంపారు. ఆ ఏర్పాటుకు పెట్టిన పేరు అలోహానెట్.

తర్వాత అసలు మలుపు యంత్రంలో రాలేదు, ఒక ఉత్తర్వులో వచ్చింది. గుమాస్తాగా ఈ సంగతి నాకు మహా ఇష్టం. 1985 మే నెలలో అమెరికా సమాచార కమిషను కొన్ని రేడియో పట్టీలను తక్కువ శక్తి పరికరాల కోసం లైసెన్సు లేకుండా వదిలిపెట్టింది. అందులో 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి. మైక్రోవేవ్ పొయ్యిలు పనిచేసే పట్టీ కావడం వల్ల దాన్నెవరూ పెద్దగా కోరుకోలేదు. నగదు లెక్కించే యంత్రాలు చేసే ఎన్.సి.ఆర్. కంపెనీ, దుకాణాల్లో ఆ యంత్రాలను తీగలు లేకుండా కలపాలని ఆ పట్టీ మీద కన్నేసింది. నెదర్లాండ్స్‌లో ఆ కంపెనీ ఇంజనీరు విక్ హేస్, అందరికీ ఒకే నియమావళి ఉండాలని పట్టుబట్టి, దాన్ని రాసే సంఘానికి 1990 నుంచి పదేళ్లు అధ్యక్షత వహించారు. 1997లో 802.11 అనే ప్రమాణం వెలువడింది. వినడం, పిలవడం అనే రెండు పద్ధతులూ అందులోనే ఉన్నాయి. 1999లో దానికి వై-ఫై అనే వ్యాపార నామం కుదిరింది.

మన సంగతి చూద్దాం. రేడియో కొంటే పోస్టాఫీసులో లైసెన్సు పుస్తకం తీసుకుని ఏటా రుసుము కట్టిన తరం మనది. వినడానికి కూడా లైసెన్సే! 1980ల మధ్యలో అది పోయింది. 2005 జనవరిలో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేదని నియమాలు జారీ చేసింది. మన ఇళ్లలో ఈ పెట్టెలు వెలగడానికి ఆ కాగితమే ఆధారం. 5 గిగాహెర్ట్జ్‌లో ఇంకా విస్తారంగా వాడుకోవడానికి 2018లో మినహాయింపు వచ్చింది.

కేకలు వినేవారు

మొదట్లో ఈ వై-ఫై ఎక్కువగా లాప్‌టాప్‌లలోనే ఉండేది. చాలా యంత్రాలు తమ జాబితాలోని పేర్లను ఒక్కొక్కటిగా పిలిచేవి. “మా ఇల్లు ఉందా? ఆఫీసు ఉందా? ఫలానా హోటలు ఉందా?” అని. బస్టాండులో నిలబడి, తాను వెళ్లిన ఊళ్లన్నీ వరసగా అరిచే ప్రయాణికుణ్ణి ఊహించుకోండి. పక్కన జేబుదొంగ ఉంటే వాడికెంత సదుపాయం!

2005లో డినో డై జోవి, షేన్ మెకాలే అనే ఇద్దరు పరిశోధకులు ఈ ప్రమాదాన్ని చేసి చూపించారు. వారి యంత్రం ఎవరు ఏ పేరు పిలిచినా “నేనే అది” అని బదులిచ్చేది. ఏలూరు అంటే ఏలూరే అని, గుంటూరు అంటే గుంటూరే అని ఎక్కించుకునే దొంగ బస్సు అన్నమాట. సంకేతపదం లేని వై-ఫై పేరు జాబితాలో ఉంటే, పాపం లాప్‌టాప్ నమ్మి ఎక్కేసేది. సంకేతపదం ఉన్నవాటికి ఈ మోసం అంత తేలిక కాదు. ఎందుకంటే పేరొక్కటే చాలదు, అటువైపు వారికీ సంకేతపదం తెలిసి ఉండాలి.

ఇంకొక ఇబ్బంది కూడా బయటపడింది. పిలిచినప్పుడల్లా ఫోను తన 12 అక్షరాల గుర్తింపు సంఖ్యను కూడా చెప్పేది. 2013లో లండన్ నగరంలో వీధి చెత్తకుండీలకు పరికరాలు అమర్చి, దారిన పోయేవారి ఫోన్లను ఈ సంఖ్యతో లెక్కపెట్టారు. పత్రికల్లో గొడవై, ఆ ఆగస్టులోనే నగర పాలక సంస్థ దాన్ని ఆపించింది. 2014లో ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో, వెతికేటప్పుడు అసలు సంఖ్యకు బదులు ఉత్తుత్తి సంఖ్య చెప్పే ఏర్పాటు చేసింది. తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లూ ఆ దారి పట్టాయి.

పేర్ల విషయంలోనూ పద్ధతి మారింది. ఈనాటి ఫోను సాధారణంగా ఎవరి పేరూ ఎత్తదు. “ఎవరున్నారండీ?” అని మాత్రమే అడిగి, వచ్చిన జవాబులను తన జాబితాతో తనలో తానే పోల్చుకుంటుంది.

పొదుపు పాఠాలు

త్వరగా వెతకాలి, తక్కువ ఖర్చు కావాలి, గుట్టు బయటపడకూడదు. ఈ మూడింటి కోసం ఇంజనీర్లు చేసిన ఉపాయాలు చూస్తే మన ఆఫీసు పద్ధతులే గుర్తొచ్చాయి. కొన్ని చెబుతాను.

ఫైలు మొన్న ఏ బీరువాలో కనబడిందో ముందు అక్కడ చూస్తాం. ఫోను కూడా కిందటిసారి దొరికిన చానలునే ముందు చూడగలదు.

దొరకని ఫైలు కోసం అటెండరును అయిదు నిమిషాలకొకసారి పంపం. ఫోనూ అంతే. దొరక్కపోతే తర్వాతి వెతుకులాటకు వ్యవధి పెంచుకుంటూ పోతుంది. మనం తెర వెలిగిస్తే మళ్లీ వెంటనే చూస్తుంది.

ప్రతి తపాలుకూ కలెక్టరు గారిని లేపం. ఫోన్లోనూ పెద్ద ప్రాసెసరును నిద్రపుచ్చి, వై-ఫై చిప్పుకే చిన్న జాబితా ఇచ్చి కూర్చోబెడతారు. తెలిసిన పేరు వినబడితేనే అది పెద్దవారిని లేపుతుంది.

2008లో వచ్చిన ఒక సవరణ ప్రకారం వై-ఫై పెట్టె తన పొరుగు పెట్టెలు ఏ చానళ్లలో ఉన్నాయో ఫోనుకు చెప్పగలదు. పెద్ద ఆఫీసుల్లో, కాలేజీల్లో ఒక గది నుంచి ఇంకో గదికి నడిచినప్పుడు ఇది అక్కరకొస్తుంది. “ఏలూరు బస్సు ఆరో ప్లాట్‌ఫారం మీదుంది, నేరుగా వెళ్లండి” అని ఎంక్వయిరీ కౌంటరులో చెప్పినట్టు.

2020లో అమెరికా 6 గిగాహెర్ట్జ్ పట్టీని తెరిచినప్పుడు ఒక్కసారిగా 59 చానళ్లు వచ్చిపడ్డాయి. అన్నీ తిరగడం దండగ. అందుకని పాత పట్టీల్లోని పెట్టెలే కొత్త పట్టీలో ఎవరెక్కడున్నారో చెప్పేలా చేశారు. లేదంటే 15 చానళ్లు చూస్తే సరిపోయేలా నియమం పెట్టారు.

ఈ చరిత్ర అంతా చూస్తే నాకు తోచినదొకటే. తక్కువ మాట్లాడి ఎక్కువ వినడం, ఎక్కడ వినాలో ముందే తెలిసి ఉండడం. యంత్రాలకు ఈ సంగతి నేర్పడానికి పాతికేళ్లు పట్టింది.

మా ఇంటి సంగతి

మరి నా ఫోను ఎందుకు కేకలేస్తోంది? బెంగుళూరులో మా అబ్బాయి తన వై-ఫై పేరు ఎవరికీ కనబడకుండా దాచిపెట్టాడు. భద్రత కోసమని. దాచిన పెట్టె తన పేరు చెప్పదు. అప్పుడు దాన్ని కనిపెట్టాలంటే ఫోనే పేరు పెట్టి పిలవాలి. అది బెంగుళూరులో ఉన్నానో, మన కూరగాయల మార్కెట్లో ఉన్నానో తెలియక అన్ని చోట్లా పిలిచింది. ఆ పేరేమో మా ఇంటిపేరు, పక్కన ఫ్లాటు నంబరు! తలుపు దాచి, తాళంచెవి మీద చిరునామా రాసి ఊరంతా తిప్పినట్టయింది. అబ్బాయికి ఫోను చేసి చెప్పాను. పేరు మార్చి, దాచడం మానేసి, సంకేతపదం గట్టిది పెట్టాడు. నా ఫోనులో పాత పేరు తీసేశాం. చార్జింగుకు మాత్రం బ్యాటరీ మార్చక తప్పలేదు. దుకాణం అబ్బాయి మాట కూడా నిజమే.

తర్వాత మనవడు జాబితా మొత్తం చూపించాడు. 41 పేర్లున్నాయి. మనుమరాలి పెళ్లి జరిగిన కల్యాణ మండపం, తిరుపతిలో దిగిన లాడ్జి, రైల్వే స్టేషను. వాటి మధ్య ఒక ఆసుపత్రి. 2019లో మా ఇంటావిడ చివరి 23 రోజులూ అక్కడే ఉంది. రాత్రిళ్లు వరండా బెంచీ మీద కూర్చుని పిల్లలకు కబుర్లు పంపింది ఆ వై-ఫైతోనే. దానికి సంకేతపదం లేదు. “ఇలాంటివే ముందు తీసెయ్యాలి తాతయ్యా, ఎవరైనా అదే పేరు పెట్టుకుని మోసం చేయొచ్చు” అన్నాడు వాడు. వాడు చెప్పింది సబబే. అయినా ఆ రోజు తీయలేదు.

సర్వీసులో ఉన్నవారికి తెలుసు, ప్రతి ఫైలుకూ ఒక గడువుంటుంది. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా ఉంచాలి, ఎల్.డిస్. అయితే కొద్దికాలం తర్వాత తీసెయ్యాలి. వారం ఆలోచించి, ఆ పేరును తేదీలతో సహా నా డైరీలో ఎక్కించుకుని ఫోనులోంచి తీసేశాను. ఇప్పుడు జాబితాలో 6 పేర్లున్నాయి.

సభ్యులకు నా మనవి మూడు ముక్కలు. మీ ఫోన్లోని వై-ఫై జాబితాను పిల్లల చేత ఒకసారి చూపించుకోండి. సంకేతపదం లేనివి, ఇక వెళ్లని చోట్లవి తీయించండి. ఇంటి వై-ఫైకి ఇంటిపేరు, తలుపు నంబరు పెట్టకండి, దాచనూ వద్దు. గుర్తుంచుకోవలసినవి డైరీలో రాసుకోండి. అవి ఫోను మోయవలసిన బరువు కాదు.

తప్పులుంటే పెద్దలు మన్నించి, తెలిసినవారు సరిదిద్దగలరు.