మూలల్లో వెలుగు కోసం: ఫిల్ము కెమెరాల అతివిశాల కటకాలు

35 మి.మీ. ఫిల్ము కెమెరాకు మామూలుగా అమర్చే 50 మి.మీ. కటకం దాదాపు 46 డిగ్రీల మేర మాత్రమే దృశ్యాన్ని చూడగలదు. వెనక్కి జరగడానికి చోటులేని ఇరుకు గదిని, ఎత్తైన కట్టడం ఎదుటి సన్నని వీధిని చిత్రించడానికి అది చాలదు. 90 డిగ్రీలకు మించి చూడగల అతివిశాల కోణ కటకాలు ఈ అవసరం నుంచే పుట్టాయి.

అయితే దృశ్యం విస్తరించేకొద్దీ చిత్రం మూలలు చీకటిపడతాయి. ఇది తయారీలోని లోపం కాదు, ప్రకృతి నియమం. కటకం అక్షం నుంచి పక్కకు జరిగేకొద్దీ ఫిల్ముపై పడే వెలుగు ఆ కోణపు కొసైన్ నాలుగో ఘాతం మేరకు తగ్గిపోతుంది. 140 డిగ్రీల కటకంలో అంచుకు చేరే కిరణం అక్షానికి 70 డిగ్రీల కోణంలో వస్తుంది. ఆ లెక్కన అక్కడ పడే వెలుగు మధ్యభాగంలో పడేదానిలో సుమారు డెబ్బయ్యో వంతు. సరళరేఖలను వంచకుండా ఇంత విశాలంగా చూపదలచిన ప్రతి నిపుణుడూ ఈ లెక్కతో తలపడవలసి వచ్చింది.

బెర్లిన్‌లోని గోయెర్జ్ సంస్థ కోసం ఎమిల్ ఫాన్ హోయెగ్ 1900లో రూపొందించిన హైపర్గాన్ ఈ చిక్కుకు చూపిన పరిష్కారం నేటికీ అబ్బురపరుస్తుంది. ఎదురెదురుగా ఉంచిన రెండు పలుచని వంపు గాజులు కలిసి దాదాపు ఒక గోళంలా కనిపించేవి. అంతకుమించి ఆ కటకంలో మరో గాజు లేదు. దాని ముందు నక్షత్రాకారంలో ఒక చిన్న చక్రం ఉండేది. గొట్టానికి తగిలించిన రబ్బరు బుడ్డిని నొక్కితే గాలి తాకిడికి అది గిర్రున తిరుగుతూ మధ్యకు వచ్చే వెలుగును అడ్డుకునేది, అంచులకు మాత్రం దారి విడిచేది. కొంతసేపయ్యాక చక్రాన్ని పక్కకు తప్పించి, మధ్యభాగానికి కావలసిన వెలుగును అప్పుడు అందించేవారు. కదిలేవాటిని దీనితో చిత్రించడం అసాధ్యమే. కట్టడాలు కదలవు కనుక ఛాయాగ్రాహకులు ఆ ఓపికకు సిద్ధపడ్డారు.

హైపర్గాన్ అడుగుజాడల్లోనే జైస్ సంస్థలో రాబర్ట్ రిక్టర్ 1930వ దశకంలో టోపోగాన్‌ను తీర్చిదిద్దారు. విమానం నుంచి భూమిని చిత్రించి పటాలు గీయడానికి అది ఎంతగానో తోడ్పడింది. తరువాత లుడ్విగ్ బెర్టెలె రూపొందించిన 21 మి.మీ. బయోగాన్, 1950వ దశకంలో కాంటాక్స్ కెమెరాకు 90 డిగ్రీల చూపును ఇచ్చింది. దాని వెనుక గాజు ఫిల్ముకు అతి చేరువగా ఉండేది. సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ కెమెరాల్లో సరిగ్గా ఆ చోటే అద్దం కదలాలి. అందుకే నికాన్ 1959లో తెచ్చిన 2.1 సెం.మీ. కటకం వాడాలంటే అద్దాన్ని పైకెత్తి బిగించి, దృశ్యాన్ని చూడటానికి విడిగా మరో వ్యూఫైండర్ తగిలించుకోవలసి వచ్చేది.

1969లో జైస్ ఐకాన్ మరింత మొండిగా ఆలోచించింది. కటకానికి అద్దం అడ్డమైతే అద్దమే లేని కెమెరాను కట్టింది. ఎర్హార్డ్ గ్లాట్జెల్ ఆధ్వర్యంలో రూపొందిన 15 మి.మీ. హోలోగాన్ కటకం 110 డిగ్రీలు చూస్తుంది. అందులో ఉన్నవి మూడే గాజులు. ద్వారం ఎఫ్/8 వద్ద స్థిరం, మార్చడానికి వీల్లేదు. వెనుక గాజుకు, ఫిల్ముకు మధ్య దూరం 5 మి.మీ. కూడా లేదు. కెమెరా ఏమాత్రం వంగినా గోడలు ఒరిగినట్టు కనిపిస్తాయి కాబట్టి వ్యూఫైండర్‌లోనే రసమట్టం అమర్చారు. వేళ్లు సైతం చిత్రంలో పడేంత విశాలం కావడంతో కింద పట్టుకోవడానికి ఒక పిడి ఇచ్చారు. మూలల చీకటికి విరుగుడు ఇక్కడ తిరిగే చక్రం కాదు. మధ్యలో నల్లగా ఉండి అంచుల వైపు పలచబడే వడపోత గాజు. అది తగిలిస్తే కటకం ఎఫ్/16తో సమానమవుతుంది, అంటే మధ్యకు వచ్చే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. ఎండ కాసే వేళ తప్ప చేతితో పట్టుకుని తీయడం కష్టమే. అయినా గోడ గోడగా, స్తంభం స్తంభంగా నిలిచే ఆ చిత్రాల నాణ్యత ముందు ఈ ఇబ్బందులు చిన్నవనిపిస్తాయి.

రేఖలు వంగినా పరవాలేదనుకున్నవారు వేరే దారి పట్టారు. నీటి అడుగునుంచి చేపకు లోకం ఎలా కనిపిస్తుందో భౌతికశాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో పరిశోధించి ఆ చూపునకు చేపకన్ను అని పేరు పెట్టారు. 1924లో రాబిన్ హిల్ ఆకాశం మొత్తాన్ని ఒకే చిత్రంలో బంధించే కటకాన్ని వివరించారు. మేఘాల అధ్యయనం దాని లక్ష్యం. ఆ కోవలో అందరికంటే భారీది నికాన్ 6 మి.మీ. ఎఫ్/2.8. బరువు 5.2 కిలోలు, చూపు 220 డిగ్రీలు. అంటే తన వెనుక ఉన్నదాన్ని కూడా కొంత చూస్తుంది. 1970లో ప్రదర్శనకు వచ్చిన ఈ కటకాన్ని ఆ తరువాత కోరినవారికి మాత్రమే తయారుచేసి ఇచ్చేవారు. 2012లో లండన్‌లోని ఒక దుకాణంలో అలాంటిదొకటి లక్ష పౌండ్ల ధరతో అమ్మకానికి వచ్చి వార్తలకెక్కింది.

హోలోగాన్ వంటివాటిని డిజిటల్ కెమెరాలకు బిగించి చూసినవారూ ఉన్నారు. ఫిల్ము ఏటవాలు కిరణాలను పెద్దగా పట్టించుకోదు. డిజిటల్ సెన్సర్ పైని సూక్ష్మ కటకాలకు మాత్రం అవి సరిగా అందవు. ఫలితంగా మూలలు మళ్లీ చీకటిపడి, అంచుల్లో ఊదా ఛాయ పరుచుకుంటుంది. కంప్యూటర్‌లో దాన్ని కొంతవరకు సరిదిద్దవచ్చు. అందుకే ఈ కటకాలను దక్కించుకున్న ఛాయాగ్రాహకుల్లో పలువురు వాటి కోసం ఇప్పటికీ ఫిల్ము చుట్టలు కొంటున్నారు.