వేళకు చేరవలసిన మాట

ఉత్తరము రెండు దినములు జాగుగా చేరినను ఉత్తరమే. సంభాషణలో రెండు క్షణములు జాగుగా వచ్చిన మాట మాత్రము మాట కాదు; వినువాడు అప్పటికే మరొక మాట ఎత్తుకొనును. చేతిలోని ఫోనున దూరదేశమందలి బిడ్డతో ముఖాముఖిగా మాట్లాడునప్పుడు ఈ నియమము మనకు తోచదు. దానిని నిలుపుటకు జరిగిన కృషికి అర్ధశతాబ్ది చరిత్ర కలదు.

1974 ఆగస్టులో అమెరికాయందలి ఆర్పానెట్ అను కంప్యూటర్ల జాలముపై, కాలిఫోర్నియాలోని ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూటునకును మసాచుసెట్స్‌లోని లింకన్ ప్రయోగశాలకును నడుమ మానవకంఠము ప్యాకెట్లుగా ప్రయాణము చేసెను. అందులకు నియమావళిని కూర్చినవారిలో ముఖ్యుడు డానీ కోహెన్. ఆ జాలము సామాన్యముగా ప్రతి ప్యాకెట్టును లోపము లేక, వరుస తప్పక అందజేయజూచుచుండెను. లెక్కలకు అది అవసరము. సంభాషణకు అదియే విఘాతము. పోయినదానికై వేచియుండుటకన్న దానిని పోనిచ్చుటయే మేలని కోహెన్ వాదించెను. 1978లో టీసీపీ నుండి ఐపీ వేరుపడుటకు ఆ వాదము ఒక కారణము. 1980లో యూడీపీ అను తేలిక మార్గము ఏర్పడెను. నేటి సంభాషణలు పెక్కు ఆ త్రోవనే నడచుచున్నవి.

త్రోవ దొరికినంతమాత్రమున కార్యము తీరలేదు. ప్రతిధ్వనిని అణచవలెను, ముందువెనుకలుగా చేరు ప్యాకెట్లను సరిదిద్దవలెను, పోయిన శబ్దమునకు అతుకు వేయవలెను. ఈ విద్యలో 1999లో స్వీడనున వెలసిన గ్లోబల్ ఐపీ సౌండ్ అను సంస్థ ఆరితేరెను. తరువాత గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్ అని పేరు మార్చుకొన్న ఆ సంస్థను 2010లో గూగుల్ సుమారు 6 కోట్ల 80 లక్షల డాలర్లకు కొనెను. మరుసటి యేడు దాని విద్యను వెబ్‌ఆర్‌టీసీ అను పేర ఉచితముగా లోకమునకు విడిచెను. 2021 జనవరిలో అది అంతర్జాతీయ ప్రమాణముగా స్థిరపడెను.

సిద్ధముగా వాడుకొనదగిన ప్రోగ్రాముల కూర్పును లైబ్రరీ అందురు. ఈ లైబ్రరీలో ముఖ్యభాగము సీ ప్లస్ ప్లస్ భాషలో నున్నది. ఫోనుల భాషలు వేరు: ఆండ్రాయిడులో జావా, కోట్లిన్; ఐఫోనులో ఆబ్జెక్టివ్ సీ, స్విఫ్ట్. అన్నిట మరల వ్రాయుటకు మారుగా నిర్మాతలు వంతెనలు కట్టిరి. జావాకు అట్టి వంతెన 1997 నాటికే జేఎన్ఐ అను పేర సిద్ధమైయుండెను.

జావాలో అక్కర తీరిన జ్ఞాపకస్థలమును యంత్రమే ఊడ్చుకొనును. సీ ప్లస్ ప్లస్‌లో తీసుకొన్నవాడే విడువవలెను. రెండు ధర్మములు కలియుచోట ఎవరు విడువవలెనన్నదే చిక్కు. కెమెరా పంపిన చిత్రమును వాడుకొని విడువనిచో కొలదిసేపటికి దృశ్యమే స్తంభించవచ్చును. శబ్దమునకు ఆండ్రాయిడులో మరొక ఏర్పాటు కలదు. పది మిల్లీసెకన్ల తునక, అనగా సెకనుకు 48,000 నమూనాల లెక్కన 480 నమూనాలు, ఇరువైపులకును కనిపించు ఒకే స్థలమున ఉంచబడును. వంతెనపై మోత తగ్గును.

ఇంత పిసినారితనమేల? మాట ఒకవైపు చేరుటకు 150 మిల్లీసెకన్లు మించకున్న సంభాషణకు అంతగా లోటుండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సూచించినది. మైకు, జాలము, నిరీక్షణ అన్నియు అందులోనే ఇమడవలెను. యంత్రములు మారినవి, భాషలు మారినవి. 1974 నాటి సూత్రము మారలేదు. మాట కొంత చిరిగినను సరే, వేళకు చేరవలెను.