అట్లాంటిక్ దాటిన ఉత్తరాలు, వాటి మీది అంకెలు

అట్లాంటిక్ దాటిన తొలినాటి ఉత్తరాల మీద తపాలా బిళ్ళలు వెతికితే దొరకవు. బ్రిటన్‌లో బిళ్ళ పుట్టింది 1840లో; అమెరికా ప్రభుత్వం వేసింది 1847లో. అంతకు ముందరి చరిత్రంతా మడిచిన కాగితం మీది ముద్రల్లో, గుమాస్తాలు కలంతో వేసిన అంకెల్లో ఉంది. సేకర్తలు వెంటపడేది వాటికోసమే.

1639లోనే మసాచుసెట్స్ పాలకసభ బోస్టన్‌లో రిచర్డ్ ఫెయిర్‌బ్యాంక్స్ ఇంటిని సముద్రపు ఉత్తరాలకు ఠికానాగా నిర్ణయించి, ఉత్తరానికి ఒక పెన్నీ ఇమ్మంది. 1755లో ఇంగ్లండులోని ఫాల్మౌత్ నుంచి న్యూయార్క్‌కు ప్రభుత్వ టపా ఓడలు మొదలయ్యాయి. అయినా చాలా ఉత్తరాలు సరుకు ఓడల కెప్టెన్ల సంచుల్లోనే వెళ్లేవి. రేవు చేరాక వాటిని పోస్టాఫీసులో అప్పగిస్తే కెప్టెన్‌కు కొంత ముట్టేది, ఉత్తరం మీద ‘షిప్’ అనో ‘షిప్ లెటర్’ అనో ముద్ర పడేది. 1818లో బ్లాక్ బాల్ అనే సంస్థ ఓడలు సరుకు నిండినా నిండకపోయినా చెప్పిన రోజుకే బయలుదేరడం మొదలుపెట్టాయి. 1840 జూలైలో క్యూనార్డ్ సంస్థ వారి ఆవిరి ఓడ ‘బ్రిటానియా’ లివర్‌పూల్ నుంచి టపాతో కదిలింది.

అసలు రసవత్తరమైన ఘట్టం 1847లో వచ్చింది. అమెరికా సొంత ఆవిరి ఓడలు నడపగానే, ఆ ఓడల్లో వచ్చిన ఉత్తరాల మీద కూడా బ్రిటన్ ఒక షిల్లింగు సముద్రపు రుసుం వసూలు చేసింది, మోసింది తాను కాకపోయినా. 1848లో అమెరికా బదులు తీర్చుకుంది: బ్రిటిష్ ఓడల్లో వచ్చే ఉత్తరాలకూ అదే శిక్ష. కొద్ది నెలలే సాగిన ఆ పోరు నాటి కవర్లు నేడు సేకర్తలకు పెన్నిధి.

1848 డిసెంబరు ఒప్పందంతో రాజీ కుదిరింది. అర ఔన్సుకు 24 సెంట్లు: అమెరికా లోపలి మోతకు 5, సముద్రానికి 16, బ్రిటన్ లోపలికి 3. అమెరికాలో డబ్బు కట్టి పంపిన ఉత్తరం మీద బ్రిటన్‌కు ఇవ్వవలసిన వాటాగా ఎర్రగా 3 ఉంటే మోసింది అమెరికా ఓడ. 19 ఉంటే బ్రిటిష్ ఓడ, ఎందుకంటే సముద్రపు వాటా కూడా వాళ్లకే చెందాలి. ముందుగా డబ్బు కట్టని బేరింగు ఉత్తరమైతే, మోసిన ఓడను బట్టి నల్లసిరాతో 21 గానీ 5 గానీ, అవతలి దేశం ఇవ్వవలసిన బాకీగా. సగం చెల్లించినవాడి డబ్బు వృథా; ఉత్తరం మొత్తం బేరింగే. బిళ్ళకోసం ఇలాంటి కవర్లను కత్తిరించి, అంకెలున్న ముక్కను పారేసినవాళ్లను తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

1868లో రేటు 12 సెంట్లకు, 1870లో 6కు దిగింది. 1875లో అంతర్జాతీయ తపాలా సమాఖ్య అమల్లోకి వచ్చి, వసూలు చేసిన దేశమే సొమ్ము ఉంచుకోవాలంది. పూర్తిగా చెల్లించిన ఉత్తరాల మీద ఆ పద్దులతో ఇక పనిలేకపోయింది.