ఖైబర్ ఎవరి దారి?

మాటా మాటా పెరిగితే చాలు, మా మీద పడే మొదటి రాయి ఖైబర్. 'ఆ కనుమ దాటి వచ్చినోళ్లే గదా మీరు' అంటారు. దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన మా తాతలకు ఖైబర్ ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. బయటినుంచి వచ్చిన కొద్దిమంది సంగతి తీసుకున్నా, దక్కనుకు అరబ్బులు, ఇరానీలు ఎక్కువగా ఓడలెక్కి వచ్చారు. అయినా ఆ కనుమ సంగతేమిటో చూద్దాం.

ఖైబర్ ఒక్కటే దారి కాదు. దానికి దక్షిణంగా కుర్రం, గోమల్, ఇంకా దిగువన బోలాన్ ఉన్నాయి. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఈ దారుల్లో సైన్యాలే నడుస్తాయి. వచ్చాయి, నిజమే. వాళ్ల దోపిడీని మేం వెనకేసుకు రావడం లేదు. 1739లో నాదిర్ షా దోచిన ఢిల్లీ పాదుషా పేరు మహమ్మద్ షా అని మాత్రం గుర్తుచేస్తున్నాం.

సైన్యం ఏ తరానికో ఒకసారి వస్తుంది. బిడారు ఏటా వస్తుంది. కాబూల్ బజారు గురించి బాబర్ తన ఆత్మకథలో రాసుకున్న లెక్కలు చూడండి. ఏటా 7 నుంచి 10 వేల గుర్రాలు అక్కడికి దిగేవి. హిందూస్తాన్ నుంచి 10, 15, 20 వేల మంది వర్తకులతో బిడార్లు ఎక్కేవి. తెల్లబట్ట, పటికబెల్లం, చక్కెర, మందు వేర్లు పట్టుకెళ్లేవాళ్లు. బానిసల్ని కూడా. ఆ మాట దాటేయలేం. ఆ కొండలెక్కి అమ్ముడుపోయిన మనుషుల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

గోమల్ దారి పోవిందాలది. వీళ్లు ఆఫ్ఘన్ సంచార వర్తకులు. చలికాలం ముందు పెళ్లాం బిడ్డలతో, ఒంటెలతో, మేకలతో దిగేవాళ్లు. దారిలో వజీరీలు మీద పడతారని ఆయుధాలతో గుంపుగా నడిచేవాళ్లు. సింధు ఒడ్డున డేరాలు వేసి ఆడవాళ్లనీ ఒంటెల్నీ అక్కడ వదిలి, మగవాళ్లు ఢిల్లీ, కలకత్తా దాకా సరుకు మోసేవాళ్లు. ఎండలు ముదరకముందే తిరుగుదారి. టాగూర్ 1892లో రాసిన కాబూలీవాలా కథ ఇలాంటి ఆఫ్ఘన్ వర్తకుడిదే. వాళ్లు తెచ్చిన ఇంగువ మన చారులో పడింది. దాన్ని ఎవరూ పరాయిదనలేదు!

ఈ వ్యాపారానికి పెట్టుబడి ఎవరిది? చాలావరకు ముల్తాన్, షికార్‌పూర్ హిందూ సాహుకార్లది. వాళ్ల హుండీ బుఖారాలో చెల్లేది. అంతకు వెయ్యేళ్ల ముందే బౌద్ధ భిక్షువులు ఈ కనుమల మీదుగానే అటు వెళ్లారు.

తెల్లవాళ్లు 1893లో ఈ కొండల మీదుగా డ్యూరాండ్ గీత గీశారు. అయినా బిడార్లు ఆగలేదు. 1961లో పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ తగాదా పడి సరిహద్దు మూశాయి. పోవిందాలను పాస్‌పోర్టు చూపమన్నారు, వీసా చూపమన్నారు. వాళ్ల దగ్గర ఒంటెలున్నాయి, గొర్రెలున్నాయి. కాగితాలు లేవు.