పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టరమ్మ

1883లో గుంటూరు వచ్చిన అన్నా సారా కుగ్లర్‌కు మిషను అప్పగించిన పని వైద్యం కాదు. అప్పటికే ఆమె ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో 1879లో పట్టా పుచ్చుకున్న డాక్టరు. అయినా వైద్య సేవకు ఇంకా వేళ కాలేదంది అమెరికాలోని లూథరన్ బోర్డు. ఆడపిల్లలకు చదువు చెప్పమంది. ఆమె సరేనన్నారు. మందులు, పనిముట్లు మాత్రం వెంట తెచ్చుకున్నారు. బడి చూసుకుంటూనే రోగుల్నీ చూశారు. చివరికి 1885లో బోర్డు ఆమెను వైద్య మిషనరీగా నియమించింది.

ఆ సంకోచం నాకిప్పటికీ మింగుడుపడదు. 1842లో ఈ ఊరొచ్చి మిషను ప్రారంభించిన ఫాదర్ హయ్యర్ మధ్యలో స్వదేశం వెళ్లి, యాభై దాటిన వయసులో బాల్టిమోర్‌లో వైద్యం చదివి, తిరిగి వచ్చిన మనిషి. బైబిలు పట్టిన పాస్టరుకు శరీరశాస్త్రం నేర్చుకోవడం నామోషీ అనిపించలేదు. అలాంటప్పుడు డాక్టరు చదువు చదివిన యువతిని బడికే పరిమితం చేయడమెందుకు?

వైద్యశాస్త్రం పరుగులు తీస్తున్న కాలమది. చేతులూ పనిముట్లూ శుద్ధి చేయనిదే కోత పెట్టరాదన్న సర్జన్ లిస్టర్ మాటను అమెరికాలోనే ఎందరో డాక్టర్లు ఇంకా నమ్మలేదు. కుగ్లర్ వచ్చిన మరుసటి ఏడాది శాస్త్రవేత్త కోఖ్ కలకత్తాలో కలరా క్రిమిని గుర్తించాడు. మన పల్లెల్లో కలరా అంటే అమ్మవారి ఆగ్రహం. కొందరు విశ్వాసులకు అది దేవుడి శిక్ష. ఇక కాన్పుల సంగతి చెప్పనక్కర్లేదు. బిడ్డ అడ్డం తిరిగి తల్లి ప్రాణం మీదికి వచ్చినా మగ డాక్టరును గడప తొక్కనివ్వని ఇళ్లుండేవి. అక్కడికి కుగ్లరమ్మ వెళ్లగలిగారు. ఆ తల్లి దేవుడు అప్పగించిన ప్రాణమని నమ్మినవారు గనుకే, చదువులో నేర్చిన ఏ ఒక్క జాగ్రత్తనూ ప్రార్థన పేరు చెప్పి వదిలేయలేకపోయారు. విశ్వాసం శాస్త్రానికి అడ్డమనేవారికి నేను చూపించేది ఈ ఒక్క జీవితాన్నే.

1893లో డిస్పెన్సరీ, 1898లో స్త్రీలకూ పిల్లలకూ ఆసుపత్రి వెలిశాయి. ఏలూరు జమీందారు మంత్రిప్రగడ భుజంగరావు తన ఇంట జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, దూరాల నుంచి వచ్చే హిందూ కుటుంబాలు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించారు. మతం అడగని వైద్యానికి అలాంటి బదులే వస్తుంది.

1930లో ఆమె గుంటూరులోనే కన్నుమూశారు. అంతకు రెండేళ్ల ముందు ‘గుంటూరు మిషన్ హాస్పిటల్’ అనే పుస్తకంలో ఈ కథంతా రాశారు. నర్సింగు విద్యార్థులూ బైబిలు పాఠశాలల విద్యార్థులూ కలిసి కూర్చుని చదవాల్సిన పుస్తకమది. దాన్ని తెలుగులో అందరికీ అందే ధరకు తెచ్చే పని క్రైస్తవ సంఘం తలకెత్తుకోవాలని నా కోరిక.