చెరువు మీద వెలసిన పేట

పిలకాయలూ, టీ నగర్ అనంగానే మీకు పట్టుచీరల కొట్లు, నగల కొట్లు, రంగనాథన్ వీధిలో అడుగు పెట్టను చోటులేని జనం గుర్తుకొస్తారు. నేను మా నాయన చెయ్యి పట్టుకుని నెల్లూరు నుంచి వచ్చి మాంబళం స్టేషన్లో దిగిన రోజుల్లో ఇది శివారు కిందే లెక్క. జార్జిటౌన్లో ఉండే మా పెదనాయన "అంత దూరాన కాపురమేందిరా" అన్నాడు. పొద్దుగూకితే ఉస్మాన్ రోడ్డు మీద సైకిల్ బెల్లు తప్ప వేరే చప్పుడు ఉండేది కాదు.

అంతకు ముందు ఇక్కడ ఊరే లేదు. నుంగంబాకం నుంచి సైదాపేట వైపు సాగిన పొడుగాటి చెరువు ఉండేది. ఇంగ్లీషువాళ్లు లాంగ్ ట్యాంక్ అనేవాళ్లు. పడమటి మాంబళంలో లేక్ వ్యూ రోడ్డు ఉందే, ఏ లేక్ అని ఎప్పుడన్నా అడిగారా? ఆ చెరువే. పాతపట్నం కిక్కిరిసిపోయిందని 1920ల్లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం దీన్ని ఎండగట్టి కొత్త పేట వేసింది. ముందు నడిమధ్యన పార్కుకు చోటు వదిలారు. దాని చుట్టూ రోడ్లు తీశారు. ఆ తర్వాతే ఇళ్ల జాగాలు. ఈ వరసను గుర్తుపెట్టుకోండి, ఇప్పుడు ఏ కొత్త కాలనీలోనూ ఇట్లా జరగడం లేదు.

పేటకు పేరు ఆ పార్టీ పెద్ద పిట్టి త్యాగరాయ చెట్టి గారిది. తెలుగాయన, నేతవాళ్ల దేవాంగ కులస్థుడు. 1920లో ముఖ్యమంత్రి పదవి చేతికొస్తే వద్దన్న మనిషి. పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా, పానగంటి రామరాయణింగారు, కాళహస్తి వైపువాడు. 1921 నుంచి 1926 దాకా ముఖ్యమంత్రిగా మద్రాసు రాష్ట్రాన్ని ఏలాడు. జి.ఎన్. చెట్టి రోడ్డు, నాయర్ రోడ్డు, ఉస్మాన్ రోడ్డు, అన్నీ ఆ కాలం పెద్దల పేర్లే. మా నాయన ఆదివారం పూట మమ్మల్ని నడిపించుకుంటా పోయి ఒక్కో బోర్డు దగ్గర నిలబెట్టి, ఎవరీయన, ఏం చేశాడు అని చెప్పేవాడు. నాకు చరిత్ర అట్లానే వచ్చింది.

బీచ్ నుంచి మాంబళం మీదుగా తాంబరానికి 1931లోనే కరెంటు రైలు పడింది. అది ఉండబట్టే ఇంత దూరాన కాపురం పెట్టి కోట దగ్గర ఆఫీసులకు పోయి రాగలిగారు జనం.

ఇళ్ల సంగతి చెప్పాలి. మద్రాసులో జాగాను గ్రౌండ్లలో కొలుస్తారు, గ్రౌండంటే 2,400 చదరపుటడుగులు. మేం అద్దెకున్నది నాలుగు గ్రౌండ్ల తోట. ఇల్లు ఒక్క గ్రౌండులోనే. తక్కినదంతా మామిడి, పనస, కొబ్బరి, గోడవారన నందివర్ధనం, పారిజాతం. వెనకవైపు రెండు గదుల పోర్షన్ మాది. దాని పక్కనే బావి. ఎండాకాలం గిలక మీద తాడేసి తోడేవాళ్లం. కార్తీకం వానలకు నీళ్లు ఎంత పైకొచ్చేవంటే, వంగి చెంబుతో ముంచుకునేవాళ్లం. ఇంటివాళ్ల మామ్మ అనేది, "చెరువు ఎక్కడికీ పోలేదే అమ్మాయ్, కాళ్ల కిందే ఉంది" అని. ఆ మాట నేనీనాటికీ మర్చిపోలేదు.

తర్వాత సినిమా వాళ్లొచ్చారు. స్టూడియోలు కోడంబాకం, వడపళని వైపున్నాయి కదా, కాపురాలకు ఈ చెట్ల నీడ నచ్చింది. ఘంటసాల గారిల్లు ఉస్మాన్ రోడ్డులో, సావిత్రమ్మది హబీబుల్లా రోడ్డులో. బజుల్లా రోడ్డులో ఎన్.టి. రామారావు గారి ఇంటిముందు తిరుపతి నుంచి వచ్చిన బస్సులు ఆగేవి. వెంకన్నను చూసినోళ్లు ఆ గుండ్లతోటే వచ్చి ఈయన దర్శనం కూడా చేసుకుని పొయ్యేవాళ్లు. వాణీమహల్ పెట్టింది మన చిత్తూరు నాగయ్య గారు. ఆయన విగ్రహం పానగల్ పార్కులోనే ఉంది. వేషాల కోసం ఊళ్లొదిలి వచ్చిన కుర్రాళ్లు ఆ పార్కు బెంచీల మీదా, పాండీ బజారులోనూ ఎన్ని ఏళ్లు గడిపారో. ఆకలితో ఉన్నా తెలుగు మాట వినపడితే మొహం వికసించేది వాళ్లకు. 1953లో రాష్ట్రం విడిపోయి మద్రాసు మనది కాకపోయినా, ఈ పేటలో తెలుగు అంతకాలం నిలబడిందంటే వాళ్ల పుణ్యమే.

రామారావు గారు అటు హైదరాబాదు పోయి ముఖ్యమంత్రి అయ్యాక, 1983లో మద్రాసుకు కృష్ణ నీళ్లు తెచ్చే తెలుగుగంగకు ఒప్పందం కుదిరింది. 1996లో ఆ నీళ్లు పట్నానికి తాగునీరిచ్చే పూండి చెరువుకు చేరాయి. ఆయన బతికిన పేట నీళ్ల మీదే వెలసింది, అదే పేట దాహానికి అంత దూరపు కృష్ణ కావాల్సొచ్చింది. నాకది కడుపు తరుక్కుపోయే సంగతి.

ఎందుకట్లా అయింది? తోటలన్నీ పోయాయి. నాలుగు గ్రౌండ్ల ఇళ్లు పడగొట్టి అంతస్తులు లేపారు, నేలంతా సిమెంటు పరిచారు. వాన నీరు దిగను సందు లేదు. 2015 డిసెంబరు వరదల్లో కింద పార్కింగులో నడుములోతు నీళ్లు మీరూ చూశారు. చెరువు అడుగున కట్టుకున్న ఊళ్లో నీళ్లు నిలవక ఏం చేస్తాయి?

మనముండే ఈ అపార్టుమెంటు ఆ నాలుగు గ్రౌండ్లలో లేచిందే. బావి ఉంచుతారని చెప్పబట్టే మీ తాత ఇక్కడ ఫ్లాటు కొన్నాడు. 2003లో వాననీటి ఏర్పాటు ప్రతి ఇంటికీ తప్పనిసరి అన్నప్పుడు మిద్దె మీది గొట్టాలన్నీ దాంట్లోకే వదిలించాడు. 2019 ఎండాకాలంలో ట్యాంకర్ల కోసం వీధంతా కొట్లాడుకుంటుంటే మనకు రోజుకు రెండు గంటలు ఈ బావే నీళ్లిచ్చింది.

ఇప్పుడు దాన్ని పూడ్చి ఇంకో నాలుగు కార్లకు చోటు చేద్దామని కమిటీలో అనుకుంటున్నారంట. నాకు మెట్లు దిగే ఓపిక లేదు. ఆదివారం మీటింగుకు మీరు పోండి. ఈ కథంతా వాళ్లకు చెప్పండి. బావి పూడ్చడానికి మన ఇంటి సంతకం పడదని కూడా చెప్పి రండి.